మా నాన్నను ఒప్పించడానికొచ్చిన మేడం

2012లో మా డిగ్రీ ఆఖరి ఏడాది ఇంగ్లీషు పాఠాల్లో ఒక కొత్త నాటకం పెట్టారు. లండన్‌కు వలసపోయిన ముస్లిం కుటుంబం కథ. కూతురు పాటలు పాడతానంటుంది, మనవాళ్లు ఏమనుకుంటారని తండ్రి తలుపేస్తాడు. పాఠం చెప్పే కామేశ్వరి మేడం నాలుగు వాక్యాలకోసారి ఆగి, నావైపు చూపించి, "ఇఫ్రాకి ఇది బాగా అర్థమవుతుంది" అనేవారు. మేడ్చల్ దాటి ఎరుగని నాకు లండన్ బాధ ఏం అర్థమవుతుందో ఆవిడకే తెలియాలి.

వార్షికోత్సవానికి అందులో ఒక సీను వేయాలన్నారు. కూతురి వేషం నాకే కావాలి. బస్సులో, బువ్వ తింటూ ఆ డైలాగులన్నీ కంఠతా పట్టాను. మా నాన్న ఖాలిక్ జామతోటలు గుత్తకు పట్టి కాయ అమ్ముతాడు. నాటకం సంగతి చెబితే, "ఎయ్యి బేటా, నాకు ముందల కుర్సీ వెట్టియ్యి" అన్నాడు. అంతే. అదే మాట మేడంకు చెప్పాను. ఆవిడ నా భుజం నిమిరి, "భయపడి అలా చెబుతున్నావు, నాకు తెలుసు" అన్నారు. అంత చదివిన మనిషికి ఒక్క మాట చెవికెక్కదు.

ఆదివారం శామీర్‌పేటలో మా ఇంటి ముందు ఆటో దిగారు, తలమీద కొంగు కప్పుకుని మరీ. మా అమ్మ మజీదా తలమీద జామకాయల గంప తప్ప కొంగు నిలవడం నేనెప్పుడూ చూడలేదు.

మేడం చేతులు జోడించారు. "ఖాలిక్ గారూ, మీ సంప్రదాయాలు నాకు తెలుసు. మగపిల్లలతో స్టేజీ ఎక్కితే మీవాళ్లు నాలుగు మాటలంటారు. అయినా అమ్మాయి గొంతు నొక్కకండి. మీ కాళ్లు పట్టుకుంటాను."

నాన్న చేతిలో చాయ్ కప్పు ఆగిపోయింది.

"గంతగనం ఏమున్నది మేడం గా నాటకంల? గంతమంది పిల్లలుండంగ మా ఇంటికే వచ్చి కాళ్లు పట్టుకుంటనంటున్రు?"

"ఏం లేదు అబ్బా, నేను చెప్పిన కదా!" అని నాన్నకు అడ్డుపడ్డాను.

"నలుగురు అనేదాంక ఉన్నదని నువ్వు చెప్పలే." కప్పు కింద పెట్టాడు. "మాఫ్ చెయ్యున్రి మేడం. ఇగ పంపను."

మేడం కళ్లు తుడుచుకున్నారు. ఆటో ఎక్కుతూ నా చెవిలో, "చూశావా, అచ్చం మన నాటకంలోలాగే" అన్నారు. ఆ గొంతులో ఎంత తృప్తో! నాకు ఒళ్లు మండిపోయింది.

సోమవారం వేషం మా క్లాసు యమునకిచ్చారు. మా నాన్న గురించి క్లాసంతటికీ వివరించారు. అందరూ నన్ను జాలిగా చూశారు. ఆ జాలి చూస్తే ఏడుపొచ్చింది. తర్వాత మేడం నన్ను లేపి, "తండ్రి తలుపేస్తే కూతురికి ఎలా ఉంటుందో యమునకు నువ్వే నేర్పాలమ్మా" అన్నారు.

"తలుపేసింది మీరు మేడం," అన్నాను.

ఆవిడ ముఖం వెలిగిపోయింది. "విన్నావా యమునా? సరిగ్గా ఈ కోపమే రావాలి. రాసుకో" అన్నారు.