పసుపు చెయ్యి పడ్డ సీటు

రారిటన్ నది రోడ్డెక్కి ఇళ్ళ గరాజుల్లోకి దూరిన ఏడాది అది. పిస్కాటవేలోని తన షెడ్డులో కృపావరం దారానికి మైనం రాస్తున్నాడు. ఎదురుగా బల్ల మీద తెల్ల తోలు ముక్క. దాని మీద పసుపు మరక: నాలుగు వేళ్ళు, సగం అరచెయ్యి.

వెనకాల కారు నిలబడి ఉంది. యాభైతొమ్మిది నాటి కాడిలాక్. పడవంత పొడుగు. వెనక రెండు పక్కలా చేప తోకల్లా లేచిన రెక్కలు, ఒక్కో రెక్కకి జంటగా ఎర్రదీపాలు. ముందు, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నట్టు మెరిసే జాలీ. టైర్లకి తెల్ల అంచు. ఒక మీట నొక్కితే అద్దాలు దిగుతాయి. ఇంకో మీట నొక్కితే పైకప్పే లేచి, మడత పడి, సీట్ల వెనక గోతిలో దాక్కుంటుంది.

పాలకొల్లులో కృపావరం రిక్షా టాపులు కుట్టేవాడు. నర్సు అక్క స్పాన్సర్ చేస్తే అమెరికా వచ్చి, ఇక్కడ కార్ల టాపులు కుడుతున్నాడు. ఇన్ని సీట్లు కుట్టాడు గానీ ఒక్కదాంట్లోనూ ఆనుకుని కూర్చోలేదు. మోకాళ్ళ మీదే పని.

మెకానిక్ ఇంజిన్ బాగుచేసి పంపాడు గానీ, వరదనీళ్ళకి సీట్లు కుళ్ళాయి. అన్నిటికీ కృపావరం కొత్త తోలు వేశాడు, ఈ ముక్క తప్ప. కారు యజమాని డాక్టర్ యజ్ఞనారాయణగారు అడిగింది అదొక్కటే. దాన్ని నీడన ఆరబెట్టి, నూనె పట్టించి, వెనక గుడ్డ అంటించాడు. కొత్తగా సూది గుచ్చితే చిరుగుతుంది. పాత చిల్లుల్లోంచే, చేత్తో, ఒక్కో కుట్టూ వేయాలి.

మధ్యాహ్నం డాక్టర్ గారు వచ్చారు. ఎనభై దాటిన మనిషి. చేతిలో గడ్డిటోపీ.

"ఏమయ్యా, మా ఆవిడ సీటుకి ఆపరేషన్ అయిందా?"

"కుట్లు పడుతున్నాయండి."

"నేనైతే వారంలో తీసేసేవాణ్ణి."

"నావి తీస్తే ఊడిపోద్దండి."

ఆయన నవ్వి స్టూలు మీద కూర్చున్నారు. చాలాసేపు తోలు వంకే చూశారు.

"కారు కొన్నరోజు పార్కింగ్‌లాట్‌లో పూజ చేసింది లీల. టైర్ల కింద నిమ్మకాయలూ అవీ. ఆ చేత్తోనే సీటు పట్టుకుని ఎక్కింది. తెల్ల లెదర్ మీద పసుపు! ఫ్రెండ్స్ అందరి ముందూ అరిచేశాను."

కృపావరం సూది ఆపాడు.

"ఇక అప్పట్నుంచీ దాని మీదే కూర్చుందయ్యా. ఎవరికీ కనపడకుండా. ఆవిడ పోయాకే నాకు మళ్ళీ కనిపించింది."

సూది మళ్ళీ కదిలింది.

సాయంత్రం సీటు బిగించేదాకా ఆయన కదల్లేదు.

"టాప్ దించు. రివర్ రోడ్ మీద ఒక్క రౌండ్ డ్రైవ్ చేసొస్తా."

"ఇవాళొద్దండి. టాపుకి కొత్త గుడ్డ వేశాను. రాత్రంతా బిగువుగా ఉండాలి. ఇప్పుడే మడిస్తే ముడత పడిపోద్దండి."

"ముడతకేముందయ్యా, నా మొహం చూడు!"

"రేపు పొద్దున్నే రండి. నేనే దించుతాను."

"సరే. ఇక్కడ నువ్వు సర్జన్‌వి, నేను పేషెంట్‌ని."

బయట ఆయన కూతురు స్పందన హారన్ కొట్టింది. డాక్టర్ గారు టోపీని ముందు సీట్లో పెట్టారు. "ఇక్కడే ఉండనీ. రేపు గాలికి కావాలిగా."

తెల్లారి ఫోన్ మోగింది.

"అంకుల్, డాడీ రాత్రి నిద్రలోనే పోయారు. కార్ కొన్ని రోజులు అక్కడే ఉంచుతారా, ప్లీజ్?"

"అలాగేనమ్మా," అన్నాడు.

కాసేపు చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. తరవాత కారెక్కి, షెడ్డు బయటికి తెచ్చి, మీట నొక్కాడు. టాపు లేచి, మడత పడి, గోతిలోకి దిగింది. ముడత ఒక్కటీ లేదు. ఎండ సూటిగా పక్క సీటు మీద పడింది. ఎండకి పసుపు నిలవదు. టోపీ తీసి మరక మీద బోర్లించాడు. వెనక్కి ఆనుకున్నాడు. రివర్ రోడ్ మీద, టోపీ ఎగిరిపోనంత నెమ్మదిగా ఒక్క రౌండ్ తిప్పి తెచ్చి, షెడ్డులో పెట్టి దిగాడు.

తెల్ల సీటు మీద గడ్డిటోపీ. దాని అంచు కింద నుంచి పసుపు చిటికెనవేలు కొంచెం బయటికి కనిపిస్తోంది.