బావికి రెండో వైపు

ఫుయెన్‌సాంతకి డెబ్భై ఒకటి. మోకాళ్ళు మొరాయిస్తున్నాయి, కుడి చెవి సగమే వింటుంది, నోరు మాత్రం వయసుతో పాటు పెరిగింది. కోర్డోబాలో, పాత యూదుల వాడలో, తను పుట్టిన ఇంట్లోనే ఉంటోంది. ఒకప్పటి మసీదు మినారు చుట్టూ గోడ లేపి కట్టిన గంటల గోపురం ఆ సందులోంచి తలెత్తితే కనిపిస్తుంది. ఇంట్లో ఒకప్పుడు ఏడు కుటుంబాలుండేవి. నడిమధ్య మండువా. మండువా గోడల నిండా నీలం కుండీలు, మూడు వందల ఎనభై. ఇప్పుడా ఇంట్లో మిగిలింది ఆ కుండీలూ, ఆవిడా.

మిగతా ఆరు కుటుంబాలనీ బోర్హా సాగనంపాడు. మాడ్రిడ్ నుంచి దిగిన హోటల్ కంపెనీ మనిషి అతను, మేజోళ్ళు లేకుండా ఖరీదైన బూట్లు వేసుకుంటాడు. ఇల్లంతా కంపెనీ కొనేసింది. ఆ మండువాలో గొడుగులు వేసి, వచ్చిన వాళ్ళకి కాఫీలు పోయాలని వాళ్ళ ఆలోచన.

"ఊరి చివర మీకు మంచి ఫ్లాట్ చూశామమ్మా. లిఫ్ట్ ఉంది, బాల్కనీ ఉంది. రెండు కుండీలు పెట్టుకోవచ్చు" అన్నాడు ఫిబ్రవరిలో.

"ఆ రెండూ మీ అమ్మని పెట్టుకోమను బాబూ. నాకిక్కడ బానే ఉంది."

ఆవిణ్ణి బలవంతంగా కదిలించడానికి లేదు. వాళ్ళ అమ్మమ్మ రాయించుకున్న అద్దె కాగితంలో ఒక మాటుంది. మండువాని పచ్చగా ఉంచినంత కాలం కింది గదిలో వాళ్ళని ఖాళీ చేయించకూడదు. ఆ కాగితం బోర్హా చదివాడు. చదివి ఊరుకుంటే అతను బోర్హా ఎందుకవుతాడు?

ఏప్రిల్ రెండో వారంలో పైపుల మరమ్మతని మండువాలో కుళాయి పీకించాడు. మర్నాడు బావి మీద ఇనప మూత దించి తాళం వేయించాడు. 'మీ భద్రత కోసం' అని దాని మీద కాగితం కూడా అంటించాడు. ఇక మిగిలింది వంటింటి కుళాయి, అందులో పొద్దున గంటసేపు సన్నటి ధార వస్తుంది. అది ఆవిడ మొహానికీ కూరకుండకీ చాలుతుంది, మూడు వందల ఎనభై కుండీలకి ఏ మూలకి?

"మే మొదటి సోమవారం పదింటికి నోటరీని తీసుకొస్తాను. మండువా ఎలా ఉంటే అలా రాసుకుంటారు" అన్నాడు. ఎంత మర్యాదగా అన్నాడో! ఊళ్ళో మండువాలన్నీ చూడవచ్చే వాళ్ళకి తలుపులు తెరిచే రోజు అదే. ఆ రోజే ఎంచుకున్నాడంటే, ఊరంతా తలుపులు తెరిచినప్పుడు ఆవిడ ఒక్కతే తలుపు మూసుకుని తలొంచుకోవాలనే కదా.

ఫుయెన్‌సాంత బకెట్లు పట్టుకుని బయల్దేరింది. చౌకులో పంపు దగ్గర నింపుకుని, నత్తల పులుసు బండి దాటి, ఎగువ సందెక్కి, మళ్ళీ దిగి. రోజుకి ఇరవై సార్లు. ఐదో రోజుకి మోకాలు గుమ్మడికాయలా వాచింది. పై వరస ఆకుల అంచులు గోధుమరంగుకి తిరిగాయి. ఆ మధ్యాహ్నం భోజనాల వేళ, పైపుల పనివాళ్ళు తమ వ్యాన్‌లో గుర్రు పెడుతుంటే, ముక్కాలిపీట మీద కూర్చుని ఆవిడ భోరుమంది. దుఃఖం కాదది, ఒట్టి ఉక్రోషం.

"ఒసే దొంగా! చచ్చావా, ఉన్నావా?"

గొంతు పైనించి వచ్చింది. పక్కింటి డాబా మీద, గోడ అంచున అరసెలి తల. పందొమ్మిదేళ్ళుగా ఈ ఇద్దరికీ మాటల్లేవు. పందొమ్మిదేళ్ళ కిందట అరసెలి ఇంటికి వెళ్ళినప్పుడు ఫుయెన్‌సాంత ఒక కొమ్మ గిల్లుకొచ్చింది. నల్లగా కనిపించేంత ముదురెరుపు తీగ జెరేనియం, ఊళ్ళో ఇంకెక్కడా లేదు. అడిగి తెచ్చిన కొమ్మ బతకదనీ, దొంగతనంగా తెచ్చిందే వేరు పట్టుకుంటుందనీ కోర్డోబాలో అందరి నమ్మకం. అందుకని అందరూ గిల్లుకొస్తారు, అందరూ చూడనట్టుంటారు. ఫుయెన్‌సాంత చేసిన తప్పల్లా ఆ కొమ్మతో ఊరి మండువాల పోటీలో మొదటి బహుమతి కొట్టడం.

"నీకోసమే బతికున్నాలే. ఏం కావాలి?" అంది కళ్ళు తుడుచుకుంటూ.

"నా ఎర్రమొక్క ఎండిపోతోందే."

"నీదెక్కడిది? నాది."

"దొంగిలించావు."

"దొంగిలించాను! నీ గోడ మీదున్నవన్నీ అడిగి తెచ్చావా?"

"తేలేదు. వాటితో పతకాలూ కొట్టలేదు." అరసెలి గోడ మీంచి ఇంకాస్త వంగింది. "నువ్వు బహుమతి కొట్టిన ఏడే, చలికాలం మంచుకి నా తల్లిమొక్క చచ్చిపోయింది. నీకు తెలుసా?"

ఫుయెన్‌సాంతకి తెలియదు. తలెత్తి ఎర్రమొక్క వైపు చూసింది.

"ఆ ఎరుపు ఇక నీ గోడ మీదే ఉంది. అదీ పోతే ఇంకెక్కడా లేదు. నీమీద ప్రేమతో కాదు, వింటున్నావా? దానికోసం. గంగాళం తెచ్చి గోడ కింద పెట్టు."

"నీళ్ళెక్కణ్ణించే?"

"నీళ్ళట! మతిపోయిందా? బావి గోడ కింద కదే ఉంది. సగం నీ వైపు, సగం నా వైపు. వాడు నీ వైపు మూశాడు. నా వైపు మూయడానికి వాడబ్బ తరమా?"

ఆ సందుల్లో బావులు అలాగే తవ్వారు, నడిగోడ కింద, రెండిళ్ళకి ఒకటే ఊట. ఫుయెన్‌సాంతకి ఆ సంగతి గుర్తులేక కాదు. ఐదు రోజులుగా ప్రతి బకెట్ మోస్తున్నప్పుడూ గుర్తొచ్చింది. అరసెలిని అడగడం కంటే మోకాలు విరగ్గొట్టుకోవడం నయమనుకుంది. పంతమంటే ఆవిడదే. మాడ్రిడ్ మనిషికి మాత్రం ఒక బావిని ఒకవైపు మూస్తే సరిపోదని తట్టలేదు.

అప్పట్నించి రోజూ ఎండ మండే వేళ, వ్యాన్‌లో గుర్రు మొదలవగానే, అరసెలి తన వైపు నీళ్ళు తోడి డాబా మీదికి మోసేది. తాడుకి బకెట్ కట్టి గంగాళంలోకి దించేది. పై వరస కుండీలకి తనే పోసేది, పొడుగాటి గడ చివర రేకుడబ్బా కట్టి, గోడ మీంచి వంగి. కింది వరసలు ఫుయెన్‌సాంత తన గడతో చూసుకునేది. పోసినంతసేపూ తిట్టుకునేవాళ్ళు.

"అక్కడ ఎక్కువ పోశావే!"

"పందొమ్మిదేళ్ళు నువ్వు తక్కువ పోశావే!"

పది రోజుల్లో ఆకులు తేరుకున్నాయి. పదిహేనో రోజుకి ఎర్రమొక్క మొగ్గ తొడిగింది. బోర్హా లోపలికి తొంగిచూడనేలేదు, అంత ధీమా.

సోమవారం పొద్దున్న వీధి తలుపుకి 'పనులు జరుగుతున్నాయి, ప్రవేశం లేదు' అని అట్ట వేలాడుతోంది. ఫుయెన్‌సాంత ఆ అట్ట పీకి, చెత్త ఎత్తడానికి వాడుకుంది. తలుపు రెండు రెక్కలూ బార్లా తీసింది. నీలం పూల గౌను వేసుకుని, చెవులకి రింగులు పెట్టుకుని గుమ్మంలో నిలబడింది. తొమ్మిదిన్నరకే సందు మలుపు దాకా వరస. సెవిల్ నుంచి ఒక బస్సు, జపాన్ వాళ్ళ గుంపు, గొడుగు పైకెత్తి నడిపించే గైడు.

పదింటికి బోర్హా వచ్చాడు, వెనకే నోటరీ, ఈ ఊరావిడే. లోపల అడుగుపెట్టి అతను ఆగిపోయాడు. గోడలన్నీ పూలే. తెలుపు, గులాబి, నారింజ. మధ్య గోడ మీద రెండు బారల పొడుగున ఆ ముదురెరుపు.

"నీళ్ళెక్కడివి?" అన్నాడు. మర్యాద గొంతులోంచి జారిపోయింది. "ఆ బావి కంపెనీది! తాళం పగలగొట్టారా? ఇది దొంగతనం!"

"తాళం ఉంది, చూసుకో బాబూ. ఎలా వేశావో అలాగే ఉంది."

అప్పుడే గోడ మీంచి పొడుగాటి గడ ఒకటి వంగింది. చివర రేకుడబ్బా ఒరిగి పై కుండీకి నీళ్ళు పోసింది. కొంత కిందికి చింది మేజోళ్ళు లేని బూట్లలో పడింది.

"నా సగంలోంచి తోడాను!" డాబా మీంచి అరసెలి. "నాకూ తాళం తెచ్చావా నాయనా?"

వరసలో వాళ్ళు నవ్వారు. జపాన్ వాళ్ళు గైడు చెప్పాక నవ్వారు. ఫుయెన్‌సాంత వాళ్ళ వైపు తిరిగింది. ఏటా చెప్పే మాటలే, ఈసారి గొంతు పెంచి చెప్పింది.

"ఈ స్తంభం రోమన్లు చెక్కింది. వాళ్ళు పోయారు. బావి మీద వంపు అరబ్బుల పనితనం. వాళ్ళని తరిమేశారు. నా గది ఒక యూదుడు కట్టుకున్నది. గుమ్మం పక్కన ఆ గాడి చూశారా, అక్కడ వాళ్ళ ప్రార్థన రాసిన కాగితం పెట్టుకునేవాళ్ళు. వాళ్ళనీ తరిమేశారు. వాళ్ళనంటే రాజులు తరిమారు, సైన్యాలతో. నామీదికి ఇతను తాళంకప్ప పట్టుకుని వచ్చాడు. చూడండి, నేనంటే ఎంత చులకనో!"

నోటరీ నవ్వు ఆపుకుంటూ గోడలన్నీ తిరిగి చూసింది. ఎర్రపూల దగ్గర కాసేపు నిలబడింది. "మండువా పచ్చగా ఉంది" అని పైకి చదువుతూ రాసుకుంది.

"వచ్చే ఏడు మళ్ళీ వస్తాం" అన్నాడు బోర్హా, బూటు విదిలిస్తూ.

"రా నాయనా. తలుపు తీసే ఉంటుంది. అందరిలాగే వరసలో నిలబడు."

అతను వెళ్ళిపోయాడు. అతను వదిలిన ఖాళీలోకి వరస ముందుకి జరిగింది. అందులో, సెవిల్ బస్సు వాళ్ళ మధ్య, డాబా దిగి వచ్చిన అరసెలి. పందొమ్మిదేళ్ళ తరవాత ఆ గుమ్మం దాటింది. చూడవచ్చిన వాళ్ళలాగే చేతులు వెనక్కి కట్టుకుని, ఒక్కో గోడా చూస్తూ నడిచి, ఎర్రమొక్క ముందు ఆగింది.

వెనక్కి కట్టిన చేతుల్లో ఒకటి ముందుకి రావడం ఫుయెన్‌సాంతకి ఓరకంట కనిపించింది. ఇస్తే బతకదు. ఆవిడ గబుక్కున మొక్కకి వీపు పెట్టి, స్తంభం కథ మళ్ళీ మొదలెట్టింది, ఇంకా గట్టిగా.

కొమ్మ తుంచిన చిటుకు సగం వినే చెవికి కూడా స్పష్టంగా వినిపించింది. ఫుయెన్‌సాంత తిరిగి చూడలేదు.