స్వామివారి కందిచేను

కొండమ్మ ఇంట్లో పప్పు వండిన రోజు వీధి వీధంతటికీ తెలిసిపోయేది. వాసన వల్ల కాదు, పిల్లల కొట్లాట వల్ల. నలుగురు పిల్లలు, గిన్నె అడుగున చారెడు పప్పు, పైనంతా నీళ్లు. తల్లి ఎవరికి అడుగుదాకా ముంచి వేసింది, ఎవరికి పైపైన తేల్చి వేసింది అన్నదే తగువు. శిరివెళ్ల దగ్గరి ఆ పల్లెలో కాలువ నీళ్లు ఎరగని మెట్ట చేలన్నింటా కొర్రే వేసేవారు. కొర్రన్నానికి కొదవ లేదు గానీ కలుపుకోవడానికి కారమే గతి. కందిపప్పు కావాలంటే బస్సెక్కి ఆళ్లగడ్డ పోయి కొనుక్కోవాలి. నాలుగెకరాల ఆసామి పెళ్లాన్ని అయ్యుండి పిల్లలకు ముద్దపప్పు పెట్టలేకపోతున్నానని కొండమ్మకు ఒళ్లు మండేది.

డెబ్బై తొమ్మిదో సంవత్సరం తొలకరికి నంద్యాల నుంచి వ్యవసాయశాఖ ఉద్యోగి ఒకాయన మోటారు సైకిలు మీద వచ్చి, బడి అరుగు మీద జనాన్ని కూర్చోబెట్టాడు. ఐదు సాళ్లు కొర్ర వేసి ఆరో సాలు కంది వేయమన్నాడు. కొర్ర మూడు నెలల్లో చేతికొస్తుంది, అంతవరకూ కంది దాని చాటున అణిగి ఉంటుంది, కొర్ర కోశాక ఒళ్లు విరుచుకుని ఎదుగుతుంది, నడుమ వాన మొహం చాటేసినా రెండింట్లో ఒకటి దక్కుతుంది అని చెప్పాడు. అందరూ తలలూపారు. తలలూపడంలో ఆ ఊరివాళ్లను మించినవాళ్లు లేరు. విత్తనం సంచి ఎవరికి కావాలని అడిగితే మాత్రం ఒక్కడూ లేవలేదు. ఆడవాళ్ల గుంపులోంచి కొండమ్మ లేచి వచ్చి సంచీ చంకన పెట్టుకుంది.

"ఎవుర్నడిగి తీసుకున్యావే?" అన్నాడు ఆమె మొగుడు నారాయణ ఇంటికి రాగానే.

"నిన్నడిగితే నువ్వు మీ నాయన్ను అడగల్లంటావు. ఆయప్ప పోయి ఎనిమిదేండ్లాయె. ఇంగ ఎవురు చెప్పల్ల?"

"అది గాదే. కొర్ర కోసినంక చేన్లోకి గొర్లు దిగుతాయి. నీ కంది గతి ఏందీ?"

అసలు చిక్కంతా అక్కడే ఉంది. కొర్ర కోసిన మరునాటి నుంచి చేను మందలది. ఎవరి గొర్రెలైనా ఎవరి చేనులోనైనా పడి మొదళ్లు మేయవచ్చు. జీవాలకు మేత, చేనుకు ఎరువు. తాతల కాలం నుంచి ఉన్న ఊరి కట్టు అది. అందుకే ఆ ఊళ్లో ఆరు నెలల పైరు ఎవరూ వేయరు. ఈ సంగతి నంద్యాల సారుకు ఎవరూ చెప్పలేదు, ఆయనా అడగలేదు. కొండమ్మకు తెలిసి కూడా మొండికేసింది. నారాయణ సణుగుతూనే విత్తనాల గొర్రు తోలాడు, ఆమె వెనక నడుస్తూ ఆరో సాలులో కందులు విడిచింది.

ఆ ఏడు వానలు దయ తలిచాయి. దసరా తర్వాత కొర్ర కోసి కళ్లానికి చేర్చేసరికి, చేనులో మోకాటి ఎత్తు కందిసాళ్లు పచ్చగా నిలబడి ఉన్నాయి. ఆ సాయంత్రమే గట్టు మీద మద్దిలేటి ప్రత్యక్షమయ్యాడు. ఎనభై గొర్రెల ఆసామి, ఊళ్లో సగంమందిని వరస పెట్టి పిలిచి వేళాకోళం చేసే మనిషి.

"వదినా, రేపు పొద్దున మీ చేన్లోకి తోలకొస్తాండా. మా గొర్లు కందాకు రుచి చూసి ఎన్నేండ్లాయెనో!"

"దిగితే కాళ్లు ఇరగ్గొడతా."

"ఎవురివి? నావా, గొర్లవా?"

"ముందు నీవే."

"నవ్వులాటకు గాదులే వదినా. కోత అయినంక చేను నీది గాదు. ఊరందరికీ ఒగటే కట్టు."

న్యాయం అతని వైపే ఉంది. కొండమ్మ కళ్ల ముందు నలుగురు పిల్లల కంచాలు కదిలాయి. నోటికేది వస్తే అది అనేసింది.

"నిజమే, నాది గాదు. ఆ కంది అహోబిలం నరసింహస్వామిది. మొక్కుకున్యా!"

మద్దిలేటి మొహం తెల్లబోయింది. ఉన్నచోటనే చెప్పులు విడిచి, చటుక్కున లెంపలేసుకున్నాడు.

"ముందే చెప్పకూడదా వదినా! ఎంత పాపం చేసేవాన్ని!"

అబద్ధం పారింది. పారిందంటే మామూలుగా కాదు, కట్ట తెంచుకుని పారింది. మద్దిలేటి తన మందను కొండవారకు మళ్లించాడు. పక్క ఊరి మందలు అటు వస్తే కర్ర తీసుకుని తరిమాడు. తెల్లవారుజామున అడవిపందులు దిగుతున్నాయని గట్టు మీదే మంచె కట్టుకున్నాడు. చేనుకు నాలుగు మూలలా పసుపు గుడ్డలు వెలిశాయి. దారినపోయే ఆడవాళ్లు ఆగి కందిమొక్కలకు దండం పెట్టసాగారు. ఒకామె కొబ్బరికాయ కూడా కొట్టింది.

"మన చేన్లో మనం బీడీ ముట్టించేకి లేకపాయె గదే," అని నారాయణ వాపోయాడు.

కంది పూసింది, కాసింది. కాయ నిండేకొద్దీ కొండమ్మ గుండెలో రాయి బరువెక్కింది. డిసెంబరు ఆఖరుకు కోసి కొడితే నాలుగు మూటలు తేలాయి. ఆ ఇంట్లో అన్ని కందులు ఎవరూ ఎన్నడూ చూడలేదు. పిల్లలు మూటల మీదెక్కి, "అమ్మా, పప్పు ఎప్పుడు?" అంటున్నారు. ఊరు ఊరంతా, "కొండమ్మా, అహోబిలం ఎప్పుడు?" అంటోంది. ఇస్తే పిల్లల నోళ్లు కొట్టాలి. ఇవ్వకపోతే దేవుడి సొమ్ము తిన్నదన్న పేరు. నిజం చెబితే వచ్చే ఏడు గొర్రెలు తప్పవు. తన నోటిని తానే నానా తిట్లూ తిట్టుకుంది.

చివరికి మద్దిలేటే ముహూర్తం పెట్టేశాడు. నాలుగు మూటలూ తనే బస్సు మీదికెక్కించాడు. స్వామి సొమ్మని కండక్టరు వాటికి టికెట్టు కూడా కొట్టలేదు. కొండమ్మకు ఆ పుణ్యం మరీ ముల్లులా గుచ్చుకుంది. నారాయణా, మద్దిలేటీ వెంట రాగా ఆళ్లగడ్డలో బస్సు మారి దిగువ అహోబిలం చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. అర్చకుడు కృష్ణస్వామి బయటికొచ్చి, మూటలు చూసి, "ఏ ఊరమ్మా? ఏం మొక్కు?" అని అడిగాడు.

ఆ ఒక్క ప్రశ్నకు కొండమ్మ కరిగి నీరైంది.

"మొక్కు లేదు సామీ! గొర్లు తినకుండా సామి పేరు చెప్పినా. ఈ మద్దిలేటి అది నమ్మి మూడు నెల్లు కాపలా కాసినాడు. పిల్లోళ్లకు పప్పు పెట్టల్లనే ఆశతో అబద్ధమాడినా. చెంపలు వాయించినా సరే."

పక్కన నారాయణ నేల చూపులు చూస్తున్నాడు. మూట భుజానికెత్తుకున్న మద్దిలేటి దాన్ని మెల్లగా కిందికి దించాడు. కృష్ణస్వామి నవ్వు ఆపుకోవడానికి ఉత్తరీయం అడ్డం పెట్టుకున్నాడు.

"మొక్కనిది మేము తీసుకోకూడదమ్మా. ఆయన పేరు వాడుకున్నావు గనక ఒక శేరు వంటశాలలో ఇచ్చి పో. మిగిలింది నీకూ, మూడు నెలలు కాపలా కాసిన మనిషికీ మధ్య తగువు. అది మీరే తేల్చుకోండి."

తిరుగు బస్సులో కండక్టరు మూటలకు టికెట్టు కొట్టాడు. మద్దిలేటి దారి పొడుగునా పెదవి విప్పలేదు. ఆ మనిషి మాట్లాడకుండా కూర్చోవడం కొండమ్మ పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. తిట్టినా బాగుండేదనిపించింది. మంచె మీద చలికి వణికిన మనిషిని ఇంత మోసం చేశానే అని సిగ్గుతో చితికిపోయింది. ఇక వాడు ఊళ్లో ఒక్క మాట అంటే చాలు, కందీ పోతుంది, పరువూ పోతుంది.

బస్సు దిగేసరికి జనం మూగారు. మూటలు తిరిగొచ్చాయేమని తలా ఒక ప్రశ్న. మద్దిలేటి తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"సామి ఒగ శేరు చాలన్యాడు. మిగిల్నది ఇంట్లో పిల్లోళ్లకు పెట్టమన్యాడు. అడ్డం లేయండి, బరువుండాది!"

జనం చేతులెత్తి మొక్కారు. కొండమ్మ కొంగు నోట్లో కుక్కుకుని అక్కడే ఏడ్చేసింది. భక్తి అనుకున్నారు అందరూ.

కందులు విసిరి పప్పు చేసిన రోజు మొదటి విస్తరి మద్దిలేటిదే. గరిటె నిలబడేంత గట్టిగా వండిన పప్పు, పైన నెయ్యి. అతను మూడుసార్లు వడ్డించుకుని తిన్నాడు. పక్కన పిల్లలు కొట్లాట మరిచి తింటున్నారు. కొండమ్మ స్తంభానికి ఆనుకుని నిలబడి, "నన్ను ఏమన్నా అను మద్దిలేటీ, పడతా," అంది.

మద్దిలేటి వేళ్లు నాక్కున్నాడు.

"విత్తనం రొంత ఎత్తిపెట్టు వదినా. నా రెండెకరాల్లో గూడా సామి ఉండాడంట. నాకు నిన్ననే తెల్సింది."

నారాయణకు పొలమారింది. "మరి నీ గొర్లు యాడ మేస్తాయిరా?"

"సామి లేని చేను చూసుకుంటాయిలే అన్నా," అన్నాడు మద్దిలేటి విస్తరి మడుస్తూ. "నువ్వు మాత్రం పప్పు రుచి ఊళ్లో ఎవురికీ చెప్పొద్దు. చెప్తే మా గొర్లకు ఒగ్గ చేను గూడా మిగల్దు."