మూడు నీళ్ళ మైనం

కొత్తగూడ అడవి అంచున ఉన్న ఆ పల్లెలో యాకమ్మకు రెండే గొప్పలు. ఒకటి కొడుకు భిక్షపతి, రెండోది తన చేతి మైనం. ఏ గొప్ప ముందు మొదలుపెడుతుందో ఆ పూటను బట్టి ఉండేది. వినేవాళ్ళు మాత్రం రెండూ అయ్యేదాకా లేవడానికి వీల్లేదు.

తేనె పిండేసిన తుట్టెను కుండలో పడేసి కరిగిస్తే అదే మైనం అనుకుంటారు తెలియనివాళ్ళు. ఆ మాట ఆమె ముందు అన్నారో, ఆ పూట అయిపోయారే! తుట్టెను ఒక రాత్రంతా నీళ్ళలో నానబెట్టాలి, తేనె జిడ్డు వదలాలి. పాత ధోవతి గుడ్డలో మూటకట్టి, మునగడానికి ఒక రాయి వేసి, కుండెడు నీళ్ళలో సన్నటి సెగ మీద పెట్టాలి. మైనం గుడ్డలోంచి ఊరి పైకి తేలుతుంది, పురుగూ పొట్టూ మూటలోనే ఉండిపోతాయి. నీళ్ళు కుతకుత ఉడికాయా, మైనం చెడిందన్నమాటే. ఇనుప గిన్నెలో పెట్టారా, నల్లబడిందన్నమాటే. కుండ దించి కదపకుండా చల్లారనిస్తే పైన బిళ్ళ కడుతుంది. బిళ్ళ అడుగున పట్టిన మడ్డిని గీకేసి, మళ్ళీ కొత్త నీళ్ళు, మళ్ళీ సెగ. అట్లా మూడుసార్లు.

"రెండు నీళ్ళకు సాలదా అవ్వా?" అని భిక్షపతి ఏడిపించేవాడు.

"నిన్ను సుత తొమ్మిది నెలలు మొయ్యకుంట ఆరు నెలలకే కంటే ఎట్లుందువో సూస్కో," అనేది ఆమె.

ఆ మైనం బొట్టు కోసం. ఉంగరపు వేలితో కాస్త రుద్ది, వేలి వేడికి మెత్తబడ్డాక నుదుట గుండ్రంగా అద్ది, దానిమీద కుంకుమ పెడితే, నాట్లలో పొద్దంతా వంగిన ఆడదానికి కూడా బొట్టు చెదిరేది కాదు. "నీళ్ళకు పోదు, చెమటకు పోదు. నా మైనం తియ్యాల్నంటే గోరువెచ్చటి నూనె ఉండాలె. లేకుంటే తోలు ఊడాలె గని బొట్టు ఊడది," అని ఊరంతా వినేట్టు చెప్పుకునేది. అంచుల్లో మిగిలిన ముక్కలను ఆముదంలో కరిగించి, కాళ్ళ పగుళ్ళకూ పుండ్లకూ మందు చేసి ఊరికే పంచిపెట్టేది. తన నుదుట మాత్రం ఏమీ లేదు. భర్త కట్టయ్య పోయేనాటికి భిక్షపతికి మూడేళ్ళు. అప్పటినుంచి ఇరవై ఏళ్ళుగా ఊరి ఆడవాళ్ళందరి బొట్లూ నిలబెడుతూ, తన బోడి నుదురు తనే ఎప్పుడూ తడుముకోకుండా బతికింది ఆ మనిషి.

ఆ ఇంటికి నర్మెట్ట వైపు నుంచి కోడలు గంగి వచ్చింది. తల్లి లేని పిల్ల. వచ్చిన మర్నాడే అద్దం పట్టుకొచ్చి అత్త ముందు కూర్చుంది.

"నువ్వే పెట్టు అత్తా. నాకు గుండ్రంగ రాదు."

"నేను పెట్టొద్దు బిడ్డా. నా చెయ్యి మంచిది కాదు."

"కుంకుమ నేను పెట్టుకుంట. మైనం పెట్టనీకి ఏమైతది? అది ఉట్టి మైనమే గద!"

యాకమ్మకు ఆ తర్కం నచ్చింది. అప్పటినుంచి పొద్దున్నే మైనం అత్తది, కుంకుమ కోడలిది. పిల్ల కళ్ళు మూసుకుని కూర్చుంటే, యాకమ్మ వేలు ఆ నుదుటి మీద గుండ్రంగా తిరిగేది. ఇరవై ఏళ్ళలో ఆమెకు దొరికిన సుఖం అదొక్కటే అంటే అబద్ధం కాదు.

అంతలో తెలంగాణ కావాలని పిల్లలు రోడ్లెక్కిన ఏడు వచ్చింది. బళ్ళు మూతపడ్డాయి, రైళ్ళు ఆగిపోయాయి, వచ్చిన రైలు ఎప్పుడొచ్చిందో వచ్చినదాన్నే అడగాలి. ఆ ఎండాకాలం కేసముద్రం నుంచి బండి రాజలింగం ఒక కబురు మోసుకొచ్చాడు. అక్కడి గింజల వ్యాపారి కైలాసం భార్య సరస్వతమ్మ పంపిన కబురు అది. బిడ్డ సునంద పెళ్ళి. పట్నం నుంచి తిలకం సీసాలు రావడం లేదు. ఒక డబ్బాడు మైనం కావాలి.

యాకమ్మ మొహం వెలిగిపోయింది. ఎందుకు వెలగదు? రెండేళ్ళ కింద ఇదే సరస్వతమ్మ ఇదే మైనాన్ని వేలితో పక్కకు నెట్టింది. "నల్లగున్నది యాకమ్మా, నుదురు మాసినట్టు కొడ్తది. ఇప్పుడందరు తిలకమే పెడ్తున్నరు," అన్నది. ఆ మాట యాకమ్మ కడుపులో రెండేళ్ళు అట్లాగే కూర్చుంది. పాత తుట్టె అయితే ఎన్ని నీళ్ళు మార్చినా మైనం నల్లగానే వస్తుంది, అది ఎవరి తప్పూ కాదు. కానీ ఆ సంగతి సావుకారమ్మకు ఎవరు చెప్పాలి? పసుపుపచ్చని మైనం కావాలంటే ఈ ఏడు కట్టిన కొత్త తుట్టె కావాలి. అది గుట్టమీద రాతి చరియకు వేలాడుతోంది, పెద్ద తేనెటీగలది.

తేనె తీయడంలో భిక్షపతికి జోడీ తండా మంగ్యా. ఒకడు తాడు పడితే ఒకడు దిగుతాడు. మంగ్యా మాట వినగానే తల అడ్డంగా ఊపాడు.

"వెన్నెల్ల పెద్ద తుట్టె ముట్టొద్దు యాకమ్మక్కా. మా తాతల కాడికెల్లి లేదు. వెన్నెల్ల ఈగకు మనిషి కనబడ్తడు. అమాస దాంక ఆగు."

"అమాసకు పెండ్లి అయిపోయి పిల్ల అత్తగారింట్ల ఉంటది. పెండ్లి పున్నం ఎనక ఆరో నాడు."

"ఉన్న మైనమే పంపు."

"ఆ నల్లదా? మల్ల ఆమె మొకం తిప్పుకుంటే సూడాల్నా నేను?"

భిక్షపతి నవ్వుతూ వింటున్నాడు. అప్పుడు యాకమ్మ ఒక మాట అంది. నోరు జారి అన్నది కాదు, పొడవాలనే అంది. "మీ నాయినైతే ఈపాటికి తెచ్చి నా ముంగట పడేసేటోడు."

మర్నాడు పొద్దుగూకే వేళకు భిక్షపతి తాడు భుజాన వేసుకున్నాడు. వాకిట్లో గంగి అడ్డం నిలబడింది.

"పోకుండ్రి. మంగ్యన్న వద్దంటున్నడు గద."

"ఏంగాదు తియ్. పొద్దుగాల్లనే వస్త, నీళ్ళు కాగబెట్టి పెట్టు," అన్నాడు వాడు.

పొద్దున్నే గంగి నీళ్ళు కాచింది. నీళ్ళు కాగి, పొగలు పోయి, చల్లారడం మొదలుపెట్టాక మంగ్యా వచ్చాడు. ముఖమంతా ఈగలు కుట్టి వాచి, కళ్ళు మూసుకుపోయాయి. నెత్తిన బుట్ట ఉంది, బుట్టలో తుట్టె ఉంది. బుట్ట వాకిట్లో దించి, అక్కడే కూలబడ్డాడు.

"బుట్ట ముందుగాల పైకి పంపిండు అక్కా. 'అందిందా?' అన్నడు. 'అందింది' అన్న. గప్పుడే కమ్ముకున్నయి. చెయ్యి ఇడిసిండు..."

కాచిన నీళ్ళు ఆ మధ్యాహ్నం భిక్షపతి శవానికి పోశారు.

మట్టి అయ్యాక మూడోనాడు చూస్తే మూలన బుట్టకు చీమలు పట్టాయి. పారేయమన్నారు చుట్టాలు. యాకమ్మ లేచి చీమలు దులిపి, తేనె పిండి, తుట్టెను నీళ్ళలో నానేసింది. "కొడుకు పోయి మూన్నాళ్ళు కాలే, ఈమెకు మైనం పనేంది?" అని గుసగుసలాడారు. ఆమెకూ తెలియదు ఏంటో. వాడి చేతులు ఆఖరున పట్టుకున్నది అది. పారేయడానికి చేతులు రాలేదు, అంతే.

మూడు నీళ్ళూ మార్చింది. ఏ నీటికీ తొందరపడలేదు. మూడో బిళ్ళ చేతిలోకి తీసుకుని చూస్తే, బతుకంతా చేసినా అట్లాంటి మైనం రాలేదు. పచ్చగా, ఇప్పపూల వాసన వేస్తూ, మచ్చన్నది లేకుండా ఉంది. "సూసినవారా భిక్షపతీ, ఎట్లొచ్చిందో!" అని పైకే అనేసి, బిళ్ళను గుండెకు అదుముకుని బావురుమంది.

తొమ్మిదోనాడు రాజలింగం పలకరించడానికి వచ్చి, చెప్పకుండా ఉండలేక చెప్పాడు. పెళ్ళికి రెండు రోజుల ముందు ఓరుగల్లులో తిలకం సీసా దొరికిందట. మైనం అవసరమే పడలేదట.

పదోనాడు బొట్టు తీసే కార్యం. ఆ కులంలో పద్ధతి ఏమిటంటే, ముందు పెళ్ళికూతురిలాగా ముస్తాబు చేస్తారు. పసుపు రాసి, పూలు పెట్టి, చేతినిండా గాజులు తొడిగి, నిండా బొట్టు పెట్టి, అప్పుడు తీస్తారు. పెట్టినదంతా తీయడానికే పెట్టడం. ఎవరు పెట్టిన పద్ధతో గానీ, వాళ్ళకు కడుపున పుట్టినవాళ్ళు ఉండి ఉండరు.

పెద్దావిడ మైసమ్మ మైనం అడిగింది. యాకమ్మ కొత్త మైనం డబ్బా తెచ్చి, "నేనే పెడ్త," అంది. గంగి ఎప్పటిలాగే కళ్ళు మూసుకుంది. యాకమ్మ వేలు గుండ్రంగా తిరిగింది. ఒకసారి పెట్టి, మళ్ళీ పెట్టి, ఇంకోసారి పెట్టింది. దుఃఖంలో చెయ్యి ఆగడం లేదనుకున్నారు అందరూ. దుఃఖమే, కానీ చెయ్యికి తెలివి ఉంది. అంత మందంగా ఆమె ఎప్పుడూ ఎవరికీ పెట్టలేదు.

గంగిని పెరట్లోకి తీసుకుపోయారు. యాకమ్మ ఇంట్లోనే గోడకు ఒరిగి కూర్చుంది. గాజులు పగిలిన చప్పుడు వినబడింది. నీళ్ళు పోసిన చప్పుడు వినబడింది. కుంకుమ పోయిందిగానీ, ఎర్రబారిన మైనం నుదుట అట్లాగే ఉంది. మళ్ళీ నీళ్ళు పోశారు. పొయ్యి పక్కన నూనె గిన్నె ఉంది, చెయ్యి చాపితే అందుతుంది. యాకమ్మ చాపలేదు. ఆ బొట్టు ఉన్నంతసేపూ ఆ పిల్ల నా కొడుకు పెళ్ళామే, ఆ బొట్టు ఉన్నంతసేపూ వాడు పూర్తిగా పోలేదు, అనుకుంది. పిచ్చి ఆలోచనే. ఆ పిచ్చి ఆలోచనను పట్టుకునే కూర్చుంది.

బయట కుంకుడుకాయతో రుద్దారు, బూడిదతో రుద్దారు, చివరికి కొబ్బరి పీచు తెచ్చారు.

"ఏం మైనమే యాకమ్మా నీది! పోదేంది?" అని మైసమ్మ కేకేసింది.

జన్మంతా ఆ మాట కోసమే ఎదురుచూసింది యాకమ్మ.

"అత్తా!" అని గంగి అరిచింది. "మంట లేస్తుంది అత్తా!"

ఆ కేకకు యాకమ్మ లేచింది. నూనె గోరువెచ్చగా చేసి, గిన్నె పట్టుకుని పెరట్లోకి పోయి, రుద్దుతున్నవాళ్ళను మోచేత్తో తోసేసింది. కొంగు నూనెలో ముంచి, పిల్ల నుదుట ఒకసారి మెల్లగా తుడిచింది. అంతే. మొత్తం వచ్చేసింది. కింద తోలు లేచిపోయి ఉంది.

"నన్ను తిట్టు బిడ్డా," అంది యాకమ్మ. "వెన్నెల్ల పంపింది నేనే. నూనె సంగతి ఎరుకుండి సుత నోరు మూసుకున్న. నన్ను తిట్టు."

గంగి తిట్టలేదు. "ఆనాడు నేను ఇంట్లనే ఉంటి గద అత్తా. అన్ని ఇన్న," అని మాత్రం అంది. ఆ పిల్ల తిట్టి ఉంటేనే బాగుండేది.

నుదుట పుండు మిగిలింది. సరిగ్గా బొట్టు ఉండే చోట, సరిగ్గా అంతే, ఎర్రగా. దూరం నుంచి చూసినవాళ్ళు బొట్టే అనుకుని ఉలిక్కిపడేవారు. యాకమ్మ పొద్దున్నే లేచి మొదట దాన్నే చూసేది. చెమట తగిలి పిల్లకు మండేది, ఈగలు వాలేవి, నిద్ర ఉండేది కాదు. మూడోనాటికి అంచుల్లో చీము పట్టింది.

యాకమ్మ కొడుకు తెచ్చిన మైనంలోంచి కాస్త గీకి, ఆముదంలో కరిగించి మందు చేసింది. మందు గిన్నె చూసి గంగి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"మానకుంటే ఏమైతది అత్తా? ఉండనీ."

ఉండనీ అనాలని యాకమ్మకూ ఉంది. దేవుడు చూస్తున్నాడు, ఆ పిల్లకన్నా ఎక్కువే ఉంది.

"అట్లనొద్దు బిడ్డా. పుండు ముదుర్తది. నువ్వన్న దక్కాలె నాకు."

గంగి చెయ్యి తీసింది, కళ్ళు మూసుకుంది. యాకమ్మ ఉంగరపు వేలు మందులో ముంచి, ఆ ఎర్రటి చోట గుండ్రంగా రాసింది. రోజూ పొద్దున్నే అంతే. ఆమె మందు ఎప్పుడూ వట్టిపోలేదు, ఈసారీ వట్టిపోలేదు. ఎరుపు తగ్గి గులాబీ రంగు అయింది, అంచులు కలిశాయి, చుక్కంత అయింది.

మందు పెట్టిన తొమ్మిదోనాడు పొద్దున గంగి కళ్ళు తెరవకుండానే అడిగింది. "పోయిందా అత్తా?"

యాకమ్మ వంగి దగ్గరగా చూసింది. నున్నటి నుదురు, దానిమీద ఏమీ లేదు.

"పోయింది బిడ్డా," అంది. వేలు మాత్రం ఆ నుదుటి మీద ఇంకా గుండ్రంగా తిరుగుతూనే ఉంది.