అర డబ్బా బియ్యం

రెండు డబ్బాల బియ్యం గిన్నెలో పోసి, గుమ్మంలో కూర్చుని రాళ్ళేరుతున్నాను. సముద్రం ఒడ్డునున్న మహజంగ వచ్చాక అది నా మొదటి మధ్యాహ్నం. పొద్దున వ్యాను దిగేటప్పటికి ఒంటి మీద మూడు స్వెట్టర్లున్నాయి. పది గంటలయ్యేసరికి మూడూ ఒక్కొక్కటే సంచిలోకి వెళ్ళిపోయాయి. గది కొత్తది, పొయ్యి కొత్తది, బొగ్గులమ్మిన మనిషి యాస కొత్తది. డబ్బా ఒక్కటే పాతది. గట్టిపాలు అయిపోయాక కడిగి బియ్యానికి కొలతగా పెట్టుకునే డబ్బా. కొట్లో అమ్మేవాడిదీ అదే కొలత, ఇంట్లో వండేదానిదీ అదే కొలత. నాది అంచు దగ్గర సొట్టపడి ఉంటుంది. ఇరవై ఆరేళ్ళుగా ఆ సొట్ట నా బొటనవేలికి అలవాటు. అంటననరివోలో సామాను సర్దుకునేటప్పుడు దాన్ని స్వెట్టర్ల మధ్య ఎప్పుడు దూర్చానో నాకే గుర్తు లేదు.

ఇంటావిడ ఎశాతి అక్క ముఖానికి చందనం పూసుకుని, రంగుల గుడ్డ నడుముకు చుట్టుకుని, కొత్తగా దిగిన మనిషి ఎలా ఉందో చూడ్డానికి వచ్చింది. మనిషికన్నా ముందు గిన్నెను చూసింది.

“ఎవరొస్తున్నారు?”

ఎవరూ రారని చెప్పాను. మా ఇంట్లో మనిషికి అర డబ్బా లెక్క, నలుగురికి రెండు డబ్బాలు, చెయ్యి అలవాటు కొద్దీ పోసేసింది అన్నాను. ఎశాతి అక్క అరవై దాటిన మనిషి, నలుగురు కూతుళ్ళ పెళ్ళిళ్ళకు వండిన మనిషి. ఊరికే తల ఊపి వెళ్ళిపోలేదు.

“నలుగురంటే ఎవరెవరు?”

“మా ఆయన, మా వదిన, ఆవిడ కొడుకులిద్దరు.”

“మరి నువ్వో?”

“నాతో ఐదుగురు.”

“ఐదుగురైతే రెండున్నర అవ్వాలి కదే.”

ఆవిడ ఆ మాట మామూలుగానే అంది, కొట్లో లెక్క తప్పితే చెప్పినట్టు. నేను రాళ్ళేరడం ఆపేశాను. నాకు లెక్కలు రాక కాదు. భూముల కార్యాలయంలో ఇరవై రెండేళ్ళుగా దస్తావేజులకు నకళ్ళు రాస్తున్నాను, ఒక్క గజం తేడా వచ్చినా పట్టుకుంటాను. కానీ ఈ లెక్క ఒక్కసారి కూడా వెయ్యలేదు. పెళ్ళయి వచ్చిన మర్నాడు అత్తగారు డబ్బా చేతికిచ్చి, “ఇంట్లో ఐదుగురం, రెండున్నర పొయ్యి” అంది. ఆ ఐదుగురూ తనూ, తన కొడుకూ, కూతురూ, కూతురి పిల్లలూ. నేను పోశాను. అందరికీ పెట్టాక గిన్నెలో మిగిలింది తిన్నాను, మిగలనిరోజు అడుగంటిన మాడులో నీళ్ళు పోసి కాచుకుని తాగాను. భోజనమయ్యాక మాడునీళ్ళు మేమందరం తాగుతాం, కానీ మాడును గోకి తినేది నేనొక్కదాన్నే. “బకోలికి మాడంటే ప్రాణం” అని నా గురించి అనేవాళ్ళు. “పిచ్చుక తిండి దానిది” అని అత్తగారు చుట్టాలతో మెచ్చుకోలుగా చెప్పేది. నేను కూడా అలాగే అనుకున్నాను, నాకు మాడు ఇష్టమని, నాకు ఆకలి తక్కువని. నన్ను కుదిపేసింది అది కూడా కాదు. నాలుగేళ్ళ కిందట అత్తగారు పోయింది. మర్నాడు పొద్దున నేను అర డబ్బా తగ్గించాను. ఏడుస్తూ తగ్గించాను కూడా. ఆ అర డబ్బా నాకు పోసుకోవచ్చని నాకు తోచనే లేదు. ఎవరూ వద్దనలేదు, ఎవరూ చూడలేదు. తగ్గించిన చెయ్యి నాదే.

ఎశాతి అక్క నా ముఖం చూసి గడప మీద కూర్చుంది. “సరే, ఇప్పుడు చెప్పు. నువ్వు ఎంత తింటావు?” అని అడిగింది. నేను యాభై రెండేళ్ళదాన్ని. నాకు తెలియదు అన్నాను.

ఇక్కడికి నేను ఉండిపోవడానికి రాలేదు. కొండల మీది అంటననరివోలో జూలై అంటే చలికాలం, బకెట్లో నీళ్ళు కరుస్తాయి, పొగమంచు కిటికీ సందుల్లోంచి లోపలికి వస్తుంది. నాకు మూడేళ్ళుగా దగ్గు. బల్ల దగ్గర దగ్గితే మా ఆయన సొలోఫోకి అన్నం సహించదు కనక వంటింటి తలుపు వెనక్కి వెళ్ళి దగ్గేదాన్ని. పోయిన ఏడాది దగ్గులో నెత్తుటి చార కనిపించింది. చలి ఈ ఊపిరితిత్తులకు పడదు, సముద్రం ఒడ్డు ఊరికి బదిలీ చేయించుకోమని డాక్టరు అన్నాడు. ఇంటికొచ్చి చెప్తే సొలోఫో పేపరు మడవకుండానే, “చలి అందరికీ ఉంది. నువ్వొక్కదానివే దగ్గుతావేం?” అన్నాడు. బదిలీకి నేనే అర్జీ పెట్టుకున్నాను. మా పెద్ద గుమాస్తా దాని మీద సంతకం పెడుతూ మరి మాకు కాఫీ ఎవరు పెడతారు అని నిజంగానే దిగులుపడ్డాడు. ఇంట్లో చివరికి ఒప్పుకున్నది ఒక్క షరతు మీద. ఆగస్టులో సమాధి తెరిచే పండుగకు వచ్చెయ్యాలి. ఈసారి బయటికి తీసేది అత్తగారిని. పాత గుడ్డ విప్పి కొత్త పట్టుగుడ్డ చుట్టి మళ్ళీ సమాధిలోని రాతి అర మీద పడుకోబెట్టాలి. మూడు వందల మంది వస్తారు, కొవ్వు పంది మాంసంతో అన్నం పెట్టాలి. ఆ వంట లెక్క నాకు తప్ప ఎవరికీ తెలియదు.

మూడో రోజు సొలోఫో ఫోన్ చేశాడు. సంతోషంతో గబగబా తీశాను. చేరావా అని కాదు, ఎలా ఉన్నావని కాదు, “డబ్బా ఎక్కడ పెట్టావు? అక్క వెతికి వెతికి విసిగిపోయింది” అన్నాడు. నాతో వచ్చేసింది అని చెప్పాను. ఇల్లే ఎత్తుకొచ్చేసినట్టు నాకు సిగ్గేసింది.

పదకొండో రోజు దగ్గు ఆగిపోయింది. ఎప్పుడు ఆగిందో తెలియలేదు. కార్యాలయంలో నకలు రాస్తూ రాస్తూ, పొద్దుట్నుంచీ ఒక్కసారీ దగ్గలేదే అని తట్టింది. కాసేపు కలం పక్కన పెట్టి ఊపిరి పీల్చుకుంటూ కూర్చున్నాను, కొత్త చెప్పులు వేసుకున్న పిల్లలాగా. ఇంటికొచ్చి ఎశాతి అక్కకు చెప్తే ఆవిడ నవ్వి, కొబ్బరిపాలలో ఉడికించిన చిక్కుళ్ళు గిన్నెడు తెచ్చి పెట్టింది. ఆవిడ నన్ను బోరిజానీ అని పిలుస్తుంది. కొండల మీది నుంచి వచ్చినవాళ్ళని ఇక్కడివాళ్ళు ఆటపట్టించే పేరు అది. “బోరిజానీలకు ఒళ్ళంతా స్వెట్టరు, నోటికి కూడా” అంటుంది. ఆవిడ దగ్గర నా నోరు కొంచెం కొంచెం తెరుచుకుంటోంది.

రవావు వదిన ఫోన్లు మొదలయ్యాయి. పంది ఎన్ని కిలోలు, గిన్నెలు ఎవరి దగ్గర అద్దెకు తేవాలి, పట్టుగుడ్డల అంచులు కుట్టడానికి నేను ఎప్పటికి వస్తాను. చలి తగ్గాక సెప్టెంబరులో పెట్టుకుందామా అని ఒకసారి మెల్లగా అడిగాను. డాక్టరు మళ్ళీ చలిలోకి వెళ్ళొద్దన్నాడని కూడా చెప్పాను. వదిన గొంతు గట్టిపడింది. “మంచిరోజు చూసి పెట్టినవాడు నీ దగ్గు చూసి మారుస్తాడా? చూడు బకోలీ, పోయిన పెద్దవాళ్ళు అన్నీ గుర్తుపెట్టుకుంటారు. సమాధిలో చోటు ఊరికే రాదు.”

మావాళ్ళు బతికున్నన్నాళ్ళు ఇరుకు గదుల్లో ఉంటారు, సమాధి మాత్రం రాయీ సిమెంటూ పెట్టి కడతారు. అందులో చోటు లేకుండా పోవడమంటే మనిషి అసలు పుట్టనట్టే. చిన్నప్పుడు నాకు దయ్యాలంటే భయం లేదు, ఆ ఒక్కదానికే భయం. గురువారం వ్యానుకు టిక్కెట్టు కొన్నాను. సంచిలోంచి మూడు స్వెట్టర్లూ తీసి దులిపాను. ఎశాతి అక్క చూసి ఎందుకని అడిగింది. చెప్పాను. ఆవిడవాళ్ళకు అరల్లేవు, గుడ్డ చుట్టి మట్టిలో పెడతారు, మళ్ళీ తెరవరు. అంతా విని, తప్పుపట్టకుండా, ఆశ్చర్యంగా చూసింది.

“చచ్చాక ఎక్కడ పడుకుంటావో తెలుసు గానీ, ఎంత తింటావో తెలియదా నీకు?”

నాకు కోపం వచ్చింది. ఆవిడకేం తెలుసు అనుకున్నాను. అయినా ఆ మాట లోపల ఎక్కడో ఉండిపోయింది. బుధవారం మధ్యాహ్నం, ఊరికి వెళ్ళేముందు ఒక్కటే అడుగుదామని నేనే సొలోఫోకి ఫోన్ చేశాను. సమాధి లోపల కొత్తగా అరలు కట్టిస్తున్నారని వదిన చెప్పింది. ఎలాగూ కడుతున్నారు కదా, నాది కింద తడి తగలని వైపు పెట్టించమని అడగాలనుకున్నాను. నాకు చలి పడదు కదా. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, అప్పుడు మాత్రం నిజంగానే అడిగాను.

“నీ అరేంటి?” అన్నాడు. ఏదో నములుతున్నాడు.

“నాది. అత్తయ్య పక్కన కదా?”

“నీకు లేదు కదా. పిల్లలున్న కోడళ్ళకే మా సమాధిలో చోటు. అమ్మ మొదట్లోనే చెప్పింది. నీకు తెలుసనుకున్నా.”

ఎప్పుడు చెప్పింది అని అడిగాను. నువ్వు లేనప్పుడు చెప్పి ఉంటుందిలే, మీ నాన్నవాళ్ళ సమాధి ఉందిగా అన్నాడు. మా నాన్నవాళ్ళ సమాధి ఉంది. అక్కడా పండుగలు ఈ చలికాలంలోనే చేస్తారు. ఇరవై ఆరేళ్ళలో నేను ఒక్కదానికీ వెళ్ళలేదు, గుడ్డ ఇవ్వలేదు, వంటకి చెయ్యి వెయ్యలేదు, ఎందుకంటే ఆ రోజుల్లోనే అత్తవారింట్లో మూడు వందల మందికి వండుతున్నాను. మా అమ్మ పోయినప్పుడు మా అన్న నా ముందే అన్నాడు, నువ్వు ఆ ఇంటిదానివి, నీ చోటు అక్కడే అని. నేను తల ఊపాను. గర్వంగా ఊపాను. మామగారికి గుడ్డ మార్చింది నేను, ఆయన తల్లికి మార్చింది నేను, ఎవరివో కూడా తెలియని చిన్న చిన్న ఎముకలను ఒళ్ళో పెట్టుకుని చుట్టింది నేను. ప్రతిసారీ బయటికి వచ్చేముందు అక్కడ ఖాళీగా ఉన్న అరను చూసి, రేపు నన్ను కూడా ఎవరో ఇలాగే జాగ్రత్తగా చుడతారు అనుకునేదాన్ని. ఆ సమయంలో నా వెనక నిలబడ్డ ప్రతి ఒక్కరికీ తెలుసు. సొలోఫోకి తెలుసు, వదినకు తెలుసు, చోటు ఊరికే రాదని మొన్న బెదిరించినప్పుడు కూడా తెలుసు. లేని చోటు చూపించి నా చేత వండించారు. మోసం చేద్దామని కూడా కాదు, అది నన్ను ఇంకా నిర్ఘాంతపరిచింది. నా గురించి అంత ఆలోచన కూడా ఎవరికీ లేదు. తెలుసనుకున్నారు, అంతే.

“అదంతా ఇప్పుడెందుకు? రేపు బయల్దేరుతున్నావు కదా? పెద్ద గరిటెలు ఎక్కడున్నాయో అక్కకు దొరకట్లేదు.”

“అటక మీద, నీలం గోనెసంచిలో” అని చెప్పాను. నోరు దానంతటదే చెప్పేసింది. తర్వాత, “నేను రావట్లేదు సొలోఫో” అన్నాను. అది నేను చెప్పాను. ఎప్పుడొస్తావు మరి అని అడిగాడు. రాను అన్నాను. అతనికి అర్థం కాలేదు, సిగ్నల్ సరిగా లేదేమో అనుకుని మళ్ళీ చేస్తానన్నాడు.

సాయంత్రం దాకా గడప మీదే కూర్చున్నాను. ఏడుపు రాలేదు. ఎశాతి అక్క వచ్చి పక్కన కూర్చుని జరిగిందంతా వింది. కాసేపటికి లేచి వెళ్ళి నా స్వెట్టర్లు మడతపెట్టి దిండు గలీబులో కుక్కి తలగడ చేసింది. పాపం మంచి ఊలు అంది.

గురువారం సెలవు పెట్టి ఉన్నాను కదా, ఇంట్లోనే ఉన్నాను. వ్యాను వెళ్ళిపోయే వేళకు పొయ్యి అంటించాను. అర డబ్బా బియ్యం వండాను. వేడివేడిగా, తెల్లగా, పైనున్న అన్నం ముందు నాకే పెట్టుకున్నాను. తిన్నాను. అయిపోయింది. ఇంకా ఆకలిగా ఉంది. భయపడుతూ ఇంకో పావు డబ్బా వండాను, ఎవరో వచ్చి గిన్నె లాక్కుంటారేమోనన్నట్టు. అది కూడా తిన్నాను, అప్పుడు కడుపు నిండింది. ముప్పావు డబ్బా. మా ఇంట్లో మగవాళ్ళ కన్నా పావు ఎక్కువ. గిన్నె అడుగున మాడు గోకి నోట్లో వేసుకుని చూశాను. చేదుగా ఉంది. ఎప్పుడూ అలాగే ఉండి ఉంటుంది. తీసుకెళ్ళి ఎశాతి అక్క కోళ్ళకు వేశాను.

శనివారం పొద్దున రవావు వదిన ఫోన్ చేసింది. మర్నాడే పండుగ. వెనక గిన్నెల చప్పుడు, ఎవరెవరివో కేకలు. నా మీద కోపం దాచుకుని, పొడిగా, పని మాట ఒక్కటే అడిగింది. మూడు వందల మందికి ఎన్ని డబ్బాలు పొయ్యాలి?

“మనిషికి అర డబ్బా చొప్పున నూట యాభై” అన్నాను. “వండేవాళ్ళు ఎంతమంది?”

“ఆడవాళ్ళం పన్నెండుమందిమి. వాళ్ళ సంగతి ఎందుకు? మిగిలింది తింటాం.”

“మిగలదు వదినా. వాళ్ళకి వేరే పొయ్యండి. మనిషికి ముప్పావు.”