ఎలుక దారి ఉద్ఘాటన

బాగేపల్లిలో కొత్త అంగడి తెరిచినా, పెళ్లి జరిగినా, నాయకుడెవరైనా వచ్చి ఉపన్యాసమిచ్చినా ఆ షామియానా కింద ఏదో ఒక మూల రామకృష్ణప్ప కనిపించేవాడు. షామియానా ఆయనదే. కుర్చీలు, మైకుసెట్టు, సీరియల్ బల్బులు అన్నీ ఆయనవే. ముప్ఫై ఏళ్లు ఈ పనిలో ఉండి ఆయన ఒక సంగతి తేల్చుకున్నాడు. పదిమందికి కనబడనిది, మైకులో వినబడనిది జరగనట్టే లెక్క.

అలాంటి మనిషి దగ్గరికి మేనకోడలు నేత్ర వచ్చి, తాను తయారుచేసిన కంప్యూటర్ ఆటను వచ్చే నెల ఇంటర్నెట్లో అందరికీ ఉచితంగా వదులుతున్నానని చెప్పింది. అది 2007వ సంవత్సరం, వేసవి చివర.

"ఉద్ఘాటన యాడ పెట్టుకున్యావు?" అన్నాడు రామకృష్ణప్ప. ప్రారంభోత్సవాన్ని కన్నడ సీమలోని ఆ ఊళ్లో అలాగే అంటారు.

"ఉద్ఘాటనేమీ లేదు మామా. ఒక బటన్ నొక్కితే అయిపోతాది."

తాళి కట్టకుండానే పెళ్లయిపోయిందని ఎవరో చెప్పినట్టు చూశాడాయన. "నొక్కితే ఎవురికి తెలుస్తాది? ఆదివారం నాడు షామియానా వేస్తా. ఊరంతా రావాల. నువ్వేమీ మాట్లాడొద్దు."

నేత్ర చిక్కబళ్లాపురంలో ఇంజనీరింగ్ చదివి, బెంగళూరులో ఒక కంపెనీలో ఏడాదిన్నర పనిచేసింది. అక్కడ ఉద్యోగుల కంప్యూటర్లలో ఒక సాఫ్ట్‌వేర్ పెట్టారు. మౌస్ ఎంతసేపు కదిలింది, ఎంతసేపు కదల్లేదు, అన్నీ అది పైవాళ్లకు చేరవేసేది. ఒకరోజు మేనేజరు ఆమెను పిలిచి, నిన్న మధ్యాహ్నం పదకొండు నిమిషాలు నీ చేయి ఏం చేస్తూ ఉండిందని అడిగాడు. ఆ పదకొండు నిమిషాలూ ఆమె బాత్రూములో నిలబడి ఏడ్చింది. ఎందుకన్నది ఆమె సొంత విషయం. ఆ వారమే రాజీనామా ఇచ్చి ఊరికొచ్చి, కాలేజీ స్నేహితుడు చంద్రుతో కలిసి బస్టాండు ఎదుట మేడమీద కంప్యూటర్ క్లాసులు మొదలుపెట్టింది. ఖాళీ దొరికినప్పుడల్లా ఈ ఆట రాసింది.

ఆట పేరు 'ఎలుక దారి'. తెర మీద వంకర టింకర సందు ఒకటి ఉంటుంది. గోడలకు తగలకుండా మౌస్‌తో ఒక మిణుగురు పురుగును ఆ సందులోంచి అవతలికి చేర్చాలి. చేరగానే గోడలు మాయమవుతాయి. మన చేయి నడిచిన దారి మాత్రం రంగుల గీతగా మిగులుతుంది. ఎక్కడ తడబడ్డామో, ఎక్కడ పరుగెత్తామో, ఎక్కడ ఆగి ఆలోచించామో అంతా ఆ గీతలో ఉంటుంది. ఆట పేరు అడగదు, ఊరు అడగదు. గీతను దాచుకోదు, ఎక్కడికీ పంపదు. మీట నొక్కితే చెరిగిపోతుంది. మొదటి తెర మీద రెండే వాక్యాలు రాసింది నేత్ర: మీ దారి మీదే. మేము చూడం.

"మేము చూడం అంటే ఎట్ల?" అన్నాడు రామకృష్ణప్ప. "చూడకపోతే ఇంక పబ్లిక్ ఎందుకు?"

ఆయన ఏర్పాట్లు ఆయనవి. చిక్కబళ్లాపురం నుంచి ప్రొజెక్టరు తెప్పించాలి. పన్నెండడుగుల తెల్ల తెర కట్టాలి. ఒక్కొక్కరిని పేరుపెట్టి మైకులో పిలిచి, ఆడించి, వాళ్ల గీతను ఊరంతటికీ చూపించాలి. గేటు దగ్గర రిజిస్టరు పెట్టి పేరు, తండ్రి పేరు, ఫోన్ నంబరు రాయించాలి. అన్నిటికంటే తిన్నని గీత గీసినవాళ్లకు 'గట్టి చేయి' అని బిరుదిచ్చి శాలువా కప్పాలి.

"మామా, ఇది ఆటకు పూర్తిగా వ్యతిరేకం," అంది నేత్ర.

"ఆటకు కాదు, నీ పిచ్చికి వ్యతిరేకం," అన్నాడాయన. కరపత్రాలు అప్పటికే చింతామణిలో అచ్చుకు ఇచ్చేశాడు. నెత్తిన 'భారీ తెర మీద మీ చేతి ప్రతిభ' అని వేయించాడు కూడా.

చంద్రు నవ్వి ఊరుకున్నాడు. రామకృష్ణప్పతో వాదించేకంటే వాన పడితే గొడుగు పట్టుకోవడం సులభమని అతనికి తెలుసు.

గురువారం మధ్యాహ్నం టెంటుహౌస్ గోదాములో రిహార్సలు పెట్టుకున్నారు. ప్రొజెక్టరు వచ్చింది. తెర కట్టారు. మొదట ఎవరు ఆడాలన్న ప్రశ్నే రాలేదు. రామకృష్ణప్ప కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

ఆయనలో ఈమధ్య వచ్చిన మార్పును ఎవరూ గమనించలేదని ఆయన నమ్మకం. ఉగాది తర్వాత నుంచి కుడిచేయి ఆయన మాట వినడం మానేసింది. ఊరికే ఉన్నప్పుడు బొటనవేలు తనంతట తాను ఆడేది. తాళ్లు ముడివేసే పని మనుషులకు వదిలేసి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి అజమాయిషీ చేసేవాడు. చూసేవాళ్లకు అది పెద్దరికంగా కనబడేది. ఆయనకూ ఆ పెద్దరికం బాగానే కుదిరింది.

మౌస్ పట్టుకున్నాడు. మిణుగురు కదిలింది. సందు మొదట్లోనే గోడకు తగిలింది, మళ్లీ తగిలింది. ఎలాగో అవతలికి చేర్చాడు. గోడలు మాయమయ్యాయి. పన్నెండడుగుల తెర మీద, కొడవలి పళ్లలాగా, ఈ చివర నుంచి ఆ చివరిదాకా సన్నగా వణుకుతున్న గీత నిలబడింది.

చంద్రు అమాయకంగా తెర దగ్గరికి వెళ్లి, "ఇదేంది, కొడవలికి మాదిరి ఇన్ని పండ్లు వచ్చినాయి?" అన్నాడు.

నేత్ర మీట నొక్కింది. గీత చెరిగిపోయింది.

"మౌస్ కింద దుమ్ము ఉండాది," అంది. మౌస్ తిరగేసి లోపలి గుండును తీసి, చున్నీ కొసతో అవసరానికి మించి తుడిచింది. మేనమామ ముఖం వైపు చూడలేదు.

"దుమ్మే," అన్నాడు రామకృష్ణప్ప. "గోదాము గదా." చేయి జేబులో పెట్టుకుని, ఎవరో పిలిచినట్టు బయటికి నడిచాడు.

మర్నాడు పొద్దున నేత్ర క్లాసు తలుపు తెరిచేసరికి ఆయన మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.

"ప్రొజెక్టరు వద్దు," అన్నాడు. "కరెంటు నమ్మేదానికి లేదు. నడిమధ్యలో పోతే మర్యాద పోతాది."

"సరే మామా."

"రిజిస్టరు కూడా వద్దు. ఆడోళ్లు ఫోన్ నంబరు రాయమంటే ఏమనుకుంటారు?"

"సరే మామా."

"శాలువా కూడా వద్దు. ఎండలో శాలువా ఏంది?"

"మొన్న నేను అదే చెప్పినా గదా."

"నువ్వు చెప్పింది వేరే, నేను చెప్తాండేది వేరే," అన్నాడు గంభీరంగా. "నా దగ్గర నీలం పరదాలు ఉండాయి. నాలుగు గూళ్లు కడదాం, ఓటు వేసేదానికి కడతారే, అట్ల. ఒక్కొక్కరే లోపలికి పోవాల. ఏం చూసుకుంటారో వాళ్లిష్టం."

నేత్రకు నవ్వొచ్చింది. అది ఆపుకుని, పరదాలు ఎన్ని గజాలు కావాలో లెక్కవేద్దామంది. ఆయన టేపు తీసి ఒక కొస ఆమె చేతికిచ్చాడు.

ఆదివారం జనం బాగానే వచ్చారు. పరగోడు నుంచి ఒక టెంపో నిండా వచ్చారు. కరపత్రంలో చెప్పిన భారీ తెర ఎక్కడని కొందరు అడిగితే, "పెద్దదాన్ని అందరూ చూస్తారు, చిన్నదాన్ని చూసేదే గొప్ప," అని రామకృష్ణప్ప మైకులో సమాధానమిచ్చాడు. అర్థం ఎవరికీ కాలేదు, ఎదురు చెప్పినవాడూ లేడు. వరసలో నిలబడిన కెంపమ్మ అనే పెద్దావిడ పరదాలు చూసి, వేలికి సిరా ఎవరు పూస్తారని అడిగి, పూయరని తెలిసి కాస్త నిరుత్సాహపడింది.

కేబుల్ టీవీ మనిషి కెమెరా పట్టుకుని పరదా పక్కకు తీయబోయాడు. రామకృష్ణప్ప అడ్డం నిలబడ్డాడు.

"లోపల ఏముండాదో చూపీయాల గదప్పా, న్యూసు," అన్నాడతను.

"బయట నేనుండా. నన్ను తీసుకో."

ఆయన భార్య మునివెంకటమ్మ లోపలికి వెళ్లి పావుగంట బయటికి రాలేదు. పరదా ముందు ఈ కొస నుంచి ఆ కొసకు నడిచి నడిచి ఆయన కాళ్లు నొప్పిపుట్టాయి. ఎట్టకేలకు ఆవిడ చెంగు సర్దుకుంటూ వచ్చింది.

"ఎట్లొచ్చింది?"

"బాగుండాది."

"బాగుండాదంటే? తిన్నగా వచ్చిందా, వంకరగా వచ్చిందా?"

"ఆట తెర మీద ముందరే రాసుండారే, చదవలేదా మీరు?" అని ఆవిడ మజ్జిగ దగ్గరికి వెళ్లిపోయింది. ముప్ఫై ఒక్క ఏళ్ల కాపురంలో ఆవిడ ఆయనకు చెప్పని మాట ఇదొకటేనని ఆయన అనుకున్నాడు. ఒకటేనా అన్న అనుమానం కూడా మొదటిసారి వచ్చింది.

సాయంత్రం జనం పలచబడ్డాక చివరి గూడు ఖాళీ అయింది. రామకృష్ణప్ప అటూ ఇటూ చూసి లోపలికి దూరాడు. ఈసారి తొందరపడలేదు. గోడలకు ఎన్నిసార్లు తగిలినా ఆగి, మళ్లీ కదిలించాడు. గీత వచ్చింది. గురువారం నాటిదానికంటే ఇది వేరేమీ కాదు, అవే కొడవలి పళ్లు. కానీ ఇక్కడ పన్నెండడుగులు లేదు, జానెడే ఉంది. చూస్తున్నది తానొక్కడే. మూడు నెలలుగా వెనక్కి కట్టుకుని తిరిగిన చేతిని ఆయన మొదటిసారి నిదానంగా చూశాడు.

మీట మీద వేలు పెట్టి, నొక్కకుండా తీశాడు.

"నేత్రమ్మా, ఒకసారి లోపలికి రా."

ఆమె పరదా బయటే నిలబడింది. "నేను చూడకూడదు మామా."

"నేను పిలుస్తాండా గదా. రా."

ఆమె లోపలికొచ్చి గీత చూసింది. ఆయన చేయి బల్లమీద దాచకుండా పెట్టాడు. బొటనవేలు ఆడుతూనే ఉంది.

"ఎప్పటి నించి?"

"ఉగాది నించి. దుమ్ము కాదు."

"తెలుసు మామా. అత్తకు చెప్పినావా?"

"లేదు. ఎట్ల చెప్పేది?"

"ఇట్లనే," అంది నేత్ర, తెర చూపించి. "నేను పిల్చుకోని వస్తా. నువ్వు వద్దంటే పిలవను."

బయట కుర్చీలు ఒకదానిమీద ఒకటి పేరుస్తున్న చప్పుడు వినబడింది. పిలవమన్నట్టు ఆయన తల ఊపాడు.

మునివెంకటమ్మ వచ్చి తెర చూసింది, భర్త చేయి చూసింది. ఆశ్చర్యపోలేదు. "నిద్రలో కూడా ఆడతాండాది అది," అంది. "మీరే చెప్తారని కాచుకోనుండా." ఆ చేతిని పట్టుకుని తన ఒళ్లో పెట్టుకుంది. నేత్ర పరదా దించి బయటికొచ్చేసింది.

ఆట అనుకున్న రోజుకే ఇంటర్నెట్లోకి వెళ్లింది. నేత్ర బటన్ నొక్కింది, చంద్రు చప్పట్లు కొట్టాడు. మైకు లేదు. ఎంతమంది ఆడుతున్నారని ఊళ్లో ఎవరైనా అడిగితే, "ఎవురికీ తెల్దప్పా. అది మాకు లెక్క చెప్పదు," అని రామకృష్ణప్పే జవాబిచ్చేవాడు, లక్షమంది ఆడుతున్నట్టు ఛాతీ విరుచుకుని.

ఆ వారమే భార్యాభర్తలిద్దరూ బస్సెక్కి చిక్కబళ్లాపురం వెళ్లారు. బెంగళూరు నుంచి వారానికోసారి వచ్చే నరాల డాక్టరు ఆయనను నడిపించి, వేళ్లు ఆడించమని, తర్వాత ఒక తెల్లకాగితం ఇచ్చి నత్త గుల్లలాగా చుట్టలు గీయమన్నాడు. రామకృష్ణప్ప గీశాడు. డాక్టరు పూర్తిగా పోయే జబ్బు కాదని, మాత్రలతో అదుపులో ఉంటుందని, పని మానాల్సిన అవసరం లేదని చెప్పి మందు రాశాడు.

"ఈ కాగితం ఏం చేస్తారు సార్?" అని అడిగాడు రామకృష్ణప్ప.

"ఫైల్లో పెడతాం. మళ్లీ వచ్చినప్పుడు పోల్చి చూడాల."

"ఎవురెవురు చూస్తారు?"

డాక్టరు కలం ఆపి ఆయనవైపు చూశాడు. ఇరవై ఏళ్ల ప్రాక్టీసులో ఎవరూ ఈ ప్రశ్న వేయలేదన్నాడు. ఫైలు రోగి దగ్గరే ఉంచుకోవచ్చని, వచ్చేటప్పుడు తెస్తే చాలని చెప్పాడు.

రామకృష్ణప్ప ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి భార్య చేతికిచ్చాడు. ఆవిడ దాన్ని సంచిలో వేసుకుని, మందుల అంగడి ఎటు అని కాంపౌండరును అడిగింది.