పెద్ద డాక్టరుగారి చెయ్యి, మా ఖాళీ సంచి

మా ఆయన కుడి కిడ్నీ కింద రాయి అడ్డుపడింది. మూత్రం దిగే దారిలేక కిడ్నీ ఉబ్బింది, చలిజ్వరం పట్టుకుంది. వీపులోంచి సన్నటి ట్యూబు వేసి సంచిలోకి వదిలితేనే కిడ్నీ దక్కుతుందన్నారు.

వేసింది పెద్ద డాక్టరుగారు. ముప్పై ఏళ్ల అనుభవం. ఆ మాట ఆయనే మూడుసార్లు చెప్పారు. స్కానింగ్ తెర మీద సూది మొన సరిగ్గా కనపడకపోతే, పక్కనున్న చిన్న డాక్టరమ్మ సూదిలోంచి బుడగల మందు కాస్త వదిలి చూద్దామందట. సూది సరైన చోట పడితే తెర మీద కిడ్నీ లోపల తెల్లగా వెలుగుతుంది, తప్పితే బయట వెలుగుతుంది. అవన్నీ చేతకానివాళ్లకి, నా చేతికే కళ్లున్నాయి అన్నారట ఆయన. మత్తు వీపుకే ఇచ్చారు కాబట్టి మా ఆయన చెవులు పనిచేశాయి, అంతా పూసగుచ్చినట్టు చెప్పారు.

వార్డులో నా చేతికో కాగితం ఇచ్చారు. గంటగంటకీ సంచిలో ఎంత చేరిందో రాయాలి. మొదటి గంట సున్నా. రెండో గంట సున్నా. నాలుగో గంటకి నా సున్నాలు ముత్యాల్లా కుదిరాయి.

రౌండ్సుకి వచ్చిన పెద్ద డాక్టరుగారు సంచి వైపు చూడకుండానే బాగా వస్తోందిగా అన్నారు. కాగితం ముందుకి జరిపాను. నీళ్లు తాగించి ఉండరన్నారు. ఎన్ని గ్లాసులో చెప్పాను. అయితే ఈయన అటూ ఇటూ దొర్లి ఉంటారన్నారు. ఇరవై ఆరేళ్ల కాపురంలో సోఫాలోంచి నేనే కదపలేకపోయిన మనిషి ఆయన. ఆ మనిషి దుప్పటి కింద గజగజ వణుకుతున్నారు. నాకిక నవ్వు రాలేదు.

"మీ చేతికి కళ్లున్నాయటండీ, మావారు చెప్పారు. మా సంచికి లేవు. ఆ అమ్మాయి చెప్పిన మందేదో ఒకసారి వేసి చూపించండి," అన్నాను.

"ఏం చదువుకున్నావమ్మా నువ్వు?"

"బీఎస్సీ అండి. సున్నా గుర్తుపట్టడం వరకూ వచ్చు."

చిన్న డాక్టరమ్మ అప్పటికే స్కానింగ్ మిషను మంచం దగ్గరికి తోసుకొచ్చేసింది. ట్యూబులోంచి మందు వదిలింది. తెర మీద తెల్లటి మెరుపులు కిడ్నీ చుట్టూ బయట పరుచుకున్నాయి. కిడ్నీ మాత్రం లోపల నల్లగా బావిలా అలాగే ఉంది. ట్యూబుగారు గోడ బయటే మకాం పెట్టారన్నమాట. పెద్ద డాక్టరుగారు కళ్లజోడు తుడుచుకున్నారు, చాలాసేపు.

మళ్లీ లోపలికి తీసుకెళ్లారు. ఈసారి సూది పట్టింది చిన్న డాక్టరమ్మ. బుడగలతో కిడ్నీ లోపల వెలిగాకే ట్యూబు దించిందట. బయటికి వచ్చేసరికి సంచిలోకి చిక్కగా, మురికిగా ధార కడుతోంది. అంత అసహ్యమైనదాన్ని అంత ఆశగా నేనెప్పుడూ చూడలేదు.

ఇలాంటి కేసుల్లో బుడగల మందు తప్పదని నేను మొదట్నుంచీ మొత్తుకుంటున్నాను అని పెద్ద డాక్టరుగారు వెంట ఉన్నవాళ్లకి పాఠం చెప్పుకుంటూ వెళ్లిపోయారు. పాత కాగితం తీసేసి కొత్తది మొదలుపెట్టమని నర్సుతో కబురు పంపారు.

చోటుంది కదా అని పాతదాని మీదే రాశాను. నాలుగు సున్నాల కింద, మూడు వందల యాభై. ట్యూబు ఎవరు వేశారో రాయడానికి అందులో గడి లేదు. స్కేలు అడిగి తెచ్చుకుని, నేనే గీశాను.